కుప్ప కొననివాడు

అర్ధవీడు వైపు ఒక పశువైద్యశాలకు నేను పశువైద్య సహాయ సర్జన్‌గా బదిలీ మీద వచ్చింది రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, తొలకరి పడిన జూన్ నెలలో. ఎండలకు మాడిన బీళ్లలో కొత్త గడ్డి మొలిచే రోజులవి. గొర్రెలకు దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, వచ్చేదీ అప్పుడే. మట్టిలో ఏళ్ల తరబడి బతికే క్రిమి అది. మేతతో కడుపులోకి పోతే జీవం ఉన్నట్టుండి కూలిపోతుంది. దాన్ని కోసినవాడికీ అంటుతుంది.

ఆ పల్లెల్లో మటన్ అంగట్లో కొని తినడం తక్కువ. కంభం నుంచి ఒక కిలో తేవాలంటే రెండు రోజుల కూలి పోతుంది. అందుకని ఎవరి గొర్రె అయినా మేత మానేసి పడిపోతే, ప్రాణం ఉండగానే కత్తి పెట్టి, యూరియా సంచుల మీద మాంసం కుప్పలు వేసి, ఇంటికొకటి చవగ్గా తీసుకుంటారు. కత్తి పెట్టే ముందు పశువుల డాక్టరును ఒక మాట అడగడం ఆనవాయితీ. రాతలో లేని సర్టిఫికెట్ అది.

ఒక శనివారం నేను మార్కాపురంలో సమీక్షా సమావేశంలో ఉండగా చెన్నయ్య అనే గొర్రెల కాపరి ఫోన్ చేశాడు. "సారూ, గొర్రె ఒకటి పడిపోయింది. కత్తి పెట్టుకోమంటారా?" జ్వరం ఉందా, ముక్కు నుంచి ఏమైనా కారుతోందా అని అడగాలి. అడగలేదు. పై అధికారి నా వైపే చూస్తున్నాడు. సరే కానీండి అని పెట్టేశాను.

మరునాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. ఇంకో రెండు చచ్చాయట. నేను వెళ్లేసరికి వాటి ముక్కుల్లోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతోంది. అలాంటి కళేబరాన్ని కోయకూడదు. చెవి కొస నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద తీసి ల్యాబుకు పంపి, లోతుగా గొయ్యి తీయించి, సున్నం వేసి పూడ్చాలి. అదంతా పద్ధతి ప్రకారమే చేశాను. నోరు మాత్రం అదుపులో పెట్టుకోలేకపోయాను.

"కుప్పలు ఎవరెవరు కొన్నారో పేర్లు చెప్పండి. కూర దాచినవాళ్ల మీద కేసు పెట్టిస్తా!" అని వీధిలో నిలబడి అరిచాను. నిజానికి ఆ కోపం ముందురోజు సరే అన్న నా మీద నాకే. చెన్నయ్య తనతో కలిపి తొమ్మిది ఇళ్లు చెప్పాడు. ప్రార్థన నుంచి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ల ముందే గిన్నెలు ఎత్తించి కూరంతా గొయ్యిలో పోయించాను. "ఉడికినాక ఏం రోగముంటాది నాయనా" అని ఒక ముసలమ్మ ఏడ్చింది. ఆ తొమ్మిది ఇళ్ల జాబితా ఆరోగ్య కేంద్రానికి పంపితే వాళ్లు ఇంటింటికీ మాత్రలు ఇచ్చారు. ల్యాబు రిపోర్టులో దొమ్మే అని తేలింది. మిగిలిన మందకు టీకాలు వేసి ఫైలు మూసేశాను.

రెండో వారంలో ఆ ఊళ్లోనే దేవదానం అనే అతను చనిపోయాడని తెలిసింది. అతను కూలిమనిషి. కుప్ప కొనే స్తోమతు లేదు. తోలు ఒలిచినవాడికి తలకాయ, కాళ్లు ఊరికే ఇవ్వడం ఆ పల్లెల రివాజు. శనివారం ఒలిచింది అతనే. వేలి మీద దురద పుట్టి, పొక్కు లేచి, నొప్పి లేని నల్లటి పుండయింది. ముల్లు గుచ్చుకుందనుకున్నాడు. చెయ్యి భుజం దాకా వాచాక ఒంగోలు తీసుకుపోయారు. అప్పటికే విషం రక్తంలో కలిసింది. పొక్కుగా ఉన్నప్పుడే చూపిస్తే మామూలు మందులతో నయమయ్యే జబ్బు.

నేను వెళ్తే అతని భార్య మార్తమ్మ స్టూలు వేసి కూర్చోమంది.

"ఆ రోజు ఆయన మీ ఎనకాలనే నిలబడి ఉండె సారూ. మీరడిగింది కుప్ప కొన్నోళ్ల పేర్లు. మేం కొనలేదు గదా. తలకాయ పొయ్యి మీద ఉండె. చెప్తే కేసు పెడతారని నోరు మూసుకున్నాడు. అరవకుండా అడిగింటే చెప్పేటోడు."

ఆ రివాజు నాకు తెలియనిదేమీ కాదు. మా నాయన తోలు ఒలిచి తెచ్చిన తలకాయ కూర తినే నేను పెరిగాను.

ఆ తర్వాత ఫోన్లో ఎవరికీ సరే అనలేదు. ఏ ఊరికి పోయినా గొంతు పెంచకుండా మొదట అడిగింది, ఒలిచింది ఎవరు అని. చేతులు చూశాకే కూర సంగతి ఎత్తేవాణ్ని.