తప్పు అట్టలు

మా పెద్ద వదిన ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు తెరవదు, కొలుస్తుంది. సన్నటి కాగితం పట్టీని పుస్తకం వెన్ను చుట్టూ తిప్పి, కొస దగ్గర గోటితో గుర్తు పెడుతుంది. తర్వాత పొడవు, వెడల్పు చూస్తుంది. అప్పుడే కత్తి తీస్తుంది. అన్నయ్య పోయాక కాలేజీ వెనక గేటు ఎదురుగా ఉన్న మా బైండింగు గదికి తాళం పడకుండా కాపాడింది ఆవిడే. ఏ పనిలోనూ కుదురుగా నిలవని నన్ను కూర్చోబెట్టి కుట్టు నేర్పిందీ ఆవిడే.

"పుస్తకానికి అట్ట గానీ, అట్టకి పుస్తకం కాదు మరిదీ" అని మొదటి రోజే చెప్పింది.

వదిన చిన్నప్పుడు ఎనిమిదితో చదువు ఆపేసింది. బైండింగుకొచ్చిన పుస్తకాలు విప్పి కుట్టేటప్పుడు చేతికొచ్చిన పేజీలు చదివేది. ఒక కథకి మొదలు తెలిస్తే చివర తెలిసేది కాదు. ఆ లోటు తీర్చుకోవాలని ప్రైవేటుగా పరీక్షలు రాసి, యాభై దాటాక ఎదురు కాలేజీలోనే సాయంత్రం డిగ్రీలో చేరింది. అన్నీ గట్టెక్కి చివరికి ఒక్క పేపరు మిగిలింది. ప్రపంచ మతాల తులనాత్మక అధ్యయనం. దానికి పరీక్ష లేదు, వ్యాసం రాసివ్వాలి. అది తప్పితే డిగ్రీ లేదు. ఆ పాఠం చెప్పే మేడం ఆ ఏడాదే రిటైరవుతున్నారు. ఆ తర్వాత ఆ పేపరే ఉండదని అంటున్నారు.

వదిన పెద్ద కాగితం మీద గళ్ళు గీసింది. ఒక వరసలో ఆరు మతాలు. ఇంకో వరసలో దేవుడు, స్థాపకుడు, గ్రంథం, ప్రార్థన చేసే చోటు. ఒక్కో గడీ నింపి, ఆ గళ్ళని బట్టే వ్యాసం రాసిచ్చింది. వారానికి మేడం ఆ కాగితాలు పట్టుకుని స్వయంగా మా గదికొచ్చారు.

"గీతలు అచ్చేసినట్టున్నాయమ్మా. వ్యాసమే కుదరలేదు."

"తప్పులున్నాయా మేడం?"

"తప్పులైతే దిద్దేదాన్ని. ఇదిగో, బౌద్ధం దగ్గర దేవుడి గడిలో 'లేడు' అన్నారు. హిందూ మతానికి స్థాపకుడి గడిలో అడ్డగీత కొట్టారు. చదివితే పాపం వాళ్ళకేదో తక్కువైనట్టుంది. ఈ గళ్ళు ఎవరిచ్చారు మీకు?"

"నేనే గీశానండీ."

"అదొక్కటీ ఆలోచించండి. పది రోజులు గడువిస్తా."

రెండు రోజులు వదిన ముఖం చూడలేకపోయాం. "ఈ వయసులో నాకెందుకొచ్చిన చదువు? సూదీ దారం చాలు" అంది. కాగితాలు బంక డబ్బా కింద పెట్టేసింది.

మూడో రోజు లైబ్రరీ నుంచి పన్నెండు పాత సంపుటాలొచ్చాయి. అన్నీ ఒకే వరసవి కదా అని నేను మొదటిదొక్కటే కొలిచి, పన్నెండింటికీ అట్టలు కోసి పడేశాను. నాలుగోది ఎవరో అంతకుముందే అంచులు కోసి కుట్టించినది. అట్టలు దాని మీద అరంగుళం పైకి నిలబడ్డాయి.

"ఇదేంటి?" అంది వదిన.

"పుస్తకమే పొట్టిది వదినా."

"పుస్తకం పొట్టిదా! నువ్వు కొలవకుండా కోసి, తప్పు దాని మీదికి నెడతావేం సన్నాసీ? దాని కొలత దానికుంటుంది. నీ అట్ట..."

అక్కడే ఆగిపోయింది. చేతిలో నా అట్ట అలాగే ఉంది. బంక డబ్బా ఎత్తి, కింది కాగితాలు లాగింది. గళ్ళ వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"బౌద్ధం పొట్టిది కాదు మరిదీ. నేను కొలవలేదు."

ఇక ఆ వారం పుస్తకాల కోసం వచ్చినవాళ్ళెవరినీ ఊరికే పోనివ్వలేదు. గడియారాల మెకానిక్కు బౌద్ధుడు. "మీకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఏది?" అని అడిగింది. "బాధ ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎలా పోతుంది? మేం అక్కణ్ణుంచి మొదలుపెడతామమ్మా" అన్నాడాయన. టైలరు సాయిబు గారు గళ్ళ కాగితం చూసి తల అడ్డంగా ఊపారు. "మా ప్రవక్తని స్థాపకుడంటే ఎలాగమ్మా? మొదటి మనిషి నుంచీ ఉన్న దారినే ఆయన మళ్ళీ చూపించారని మా నమ్మకం." నిండుగా ఉందనుకున్న గడి కూడా కొలత తప్పిందే! వదిన దండం పెట్టి రాసుకుంది. మిగతావాళ్ళనీ అలాగే అడిగింది, లైబ్రరీలో కూర్చుని సరిచూసుకుంది. ఈసారి ఏ మతాన్నైనా ముందు దాని సొంత ప్రశ్నతో మొదలుపెట్టి, ఆ తర్వాతే పక్కదానితో పోల్చింది. గళ్ళు లేవు.

వందకి అరవై ఒకటి వచ్చాయి. డిగ్రీ చేతికొచ్చింది. మేడం రిటైరయ్యే రోజున వదిన ఆ వ్యాసాన్ని తన చేత్తో బైండు చేసి ఆవిడకిచ్చింది. ఇచ్చే ముందు నాకు మొదటి పేజీ చూపించింది. కృతజ్ఞతల్లో మేడం, మెకానిక్కు, టైలరు, లైబ్రరీ వాళ్ళు ఉన్నారు. చివర "కొలవకుండా అట్టలు కోసిన మా మరిదికి" అని ఉంది.

"తీసెయ్ వదినా, పరువు పోతుంది."

"నీ పరువు కొలిచే రాశాలే."

ఆ వ్యాసానికి వేసిన అట్టలు కూడా నేను పాడుచేసినవే. కొలిచి, చిన్నవి చేసి వాడింది.