ప తలకట్టు, పళ్లెం అంచు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, తొలకరికి కాస్త ముందు, అద్దంకిలో నేను పనిచేసే వ్యవసాయ పనిముట్ల వర్క్‌షాపులో నన్ను మార్కింగ్ బల్ల నుంచి కంప్యూటర్ గదికి మార్చారు. అప్పటికి నాకు అక్షరాలు వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. అంతకుముందు ఎందుకు రాలేదని అడిగేవాళ్లకు చెప్పడానికి పెద్ద కథేమీ లేదు. మాది పొదిలి దగ్గర మెట్ట పల్లె. ఊళ్లో బడి ఉంది, హాజరు పట్టీలో నా పేరూ ఉండేదట. కానీ పొగాకు పనులు, పత్తి తీతలు, మిరపకోతలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. మధ్యలో మిగిలిన రోజుల్లో తమ్ముణ్ణి ఎత్తుకోవాలి. బడికి వద్దని ఎవరూ అనలేదు, పొమ్మనీ ఎవరూ అనలేదు. పెళ్లయి అద్దంకి వచ్చాక వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరాను. టేపు మీద అంకెలు చదవడం అక్కడే వచ్చింది. అంకెలు వస్తే ఇనుముతో పని జరిగిపోతుంది. అందువల్ల అక్షరాల అవసరం చాలాకాలం కనబడలేదు.

మా షాపులో అన్నిటికన్నా కింది పని హెల్పర్‌ది. మోసేది, పట్టుకునేది, ఊడ్చేది వాళ్లే. దానిపైన మార్కింగ్. అంటే రేకు మీద సుద్దతోనూ ఉక్కు మొనతోనూ కొలతలు గీసి, కోయవలసిన దారిన పంచ్‌తో చుక్కలు కొట్టడం. ఆ పనికి నన్ను పెట్టాక చిక్కు వచ్చింది. బయటి నుంచి వచ్చే డ్రాయింగుల మీద, ఏ వైపు వంచాలో, ఎక్కడ కన్నం వేయకూడదో గీతల పక్కన రాసి ఉండేది. ప్రతిసారీ ఎవరో ఒకరిని పిలిచి చదివించుకోవాలి. పిలిస్తే వచ్చేవాళ్లే, కానీ వచ్చిన ప్రతివాడూ చదవడంతో ఆగడు, సలహా కూడా చెప్పి పోతాడు. అది భరించలేక అక్షరాలు నేర్పమని అనసూయమ్మ గారిని అడిగాను.

అనసూయమ్మ గారు షాపులో లెక్కలు రాసేవారు. గుడి పూజారి గారి అమ్మాయి. మధ్యాహ్నం క్యారేజీ తినడం అయ్యాక నా మార్కింగ్ బల్ల దగ్గరికి వచ్చి, తుప్పు పట్టిన రేకు మీద సుద్దతో ఒక అక్షరం రాసి చూపేవారు. చెయ్యి పట్టుకుని దిద్దించడం ఆమెకు నచ్చదు. "చూడు, నువ్వే రాయి, తప్పయితే తుడువు" అనేవారు. నా పేరు పరమేశ్వరి. మొదటిసారి పూర్తిగా రాసి చూపించిన రోజు ఆమె నవ్వు ఆపుకోలేకపోయారు.

"వరమేశ్వరి ఎవరే? పేరు మార్చుకున్నావా, ఏంటి?"

నేను ప తలకట్టును కింద ఒంటికి అంటించేశాను. ప నోరు తెరుచుకుని ఉండాలట, తలకట్టు పైన విడిగా నిలబడాలట. మూసేస్తే అది వ అవుతుంది. ఆ సందు కోసం ఎన్ని రేకులు తుడిచానో. రెండు గీతలను దగ్గరగా తెచ్చి, అంటకుండా ఆపడం నా చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటే తరవాత నన్ను ఇబ్బంది పెట్టింది కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

కంప్యూటర్ గదిలో డ్రాయింగులు గీసే ఉద్యోగం శ్రీలతది. డిప్లమా చదివిన పిల్ల, మాటకారి, నన్ను పిన్నీ అనేది. ఆ ఏడాది ఆమెకు నెలలు నిండుతున్నాయి. పురిటికి పొదిలిలోని పుట్టింటికి వెళ్లాలి. తిరిగి వచ్చేదాకా ఆ పని ఎవరు చూడాలన్న మాట వచ్చినప్పుడు ఆమే నా పేరు చెప్పింది. నేను భయపడి, నాకు ఇంగ్లీషు రాదు కదే అన్నాను.

"ఇంగ్లీషెందుకు పిన్నీ? ఎల్ కొడితే గీత, సీ కొడితే సున్నా. అంతే. నువ్వు కూర్చుంటే నేనొచ్చేదాకా కుర్చీ నాదే. బయటోడు కూర్చున్నాడో, ఇంక వాడిదే."

మా యజమాని ప్రసాదరావు గారు మంచివారే కానీ ఉన్నమాట మొహం మీదే అనేస్తారు. మార్కింగ్ చేసే చెయ్యి మౌసు పట్టుకోగలదా అని అడిగారు. పట్టుకుని చూస్తానండి అన్నాను. "చూడమ్మా. కానీ పని ఆగిందంటే ఒంగోలు నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపిస్తా. వచ్చినోణ్ణి మళ్లీ పొమ్మనలేను. ఆ సంగతి ఇద్దరూ గుర్తుపెట్టుకోండి" అన్నారు.

శ్రీలత పక్కన కూర్చుని నేర్చుకున్నది ఇది. వస్తువును ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే రూపం ఒకటి, పైనుంచి చూస్తే కనిపించేది ఒకటి, రెండూ ఒకదాని కింద ఒకటి గీయాలి. లోపల దాగిన అంచులను తెంపు గీతలతో చూపాలి. రైతు అంగుళాల్లోనూ నూళ్లలోనూ చెబుతాడు, అంగుళంలో ఎనిమిదో వంతును మావైపు నూలు అంటారు. డ్రాయింగు మీద మాత్రం అంతా మిల్లీమీటర్లలోనే ఉండాలి. కాగితం కింద కుడి మూల గడిలో గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని మూడు పేర్లకు చోటుంటుంది. డ్రాయింగులో తప్పు దొరికితే ముందు పిలిచేది మొదటి పేరునే. నేర్చుకుంటున్నన్నాళ్లూ నా డ్రాయింగుల మీద శ్రీలత తన పేరే వేసేది. ఇంగ్లీషు అక్షరాలు నాకు అక్షరాలుగా కాక పనిముట్లుగా పరిచయమయ్యాయి. ఎల్ గీత గీస్తుంది, సీ వృత్తం తిప్పుతుంది, టీఆర్ మిగిలిన తోకలు కోసేస్తుంది. ఏబీసీడీల వరుస నాకు ఇప్పటికీ తడబాటే.

ఒక్కటి మాత్రం నాకు నచ్చలేదు. గీస్తూ గీస్తూ ఇంకో గీత చివరి దగ్గరికి వెళ్లగానే అక్కడ చిన్న పచ్చ చదరం వెలిగి, నా గీతను తనవైపు లాక్కునేది. దాన్ని స్నాప్ అంటారు. నేను ఒకచోట ఆపాలనుకుంటే అది ఇంకోచోటికి ఈడ్చేది. అనసూయమ్మ గారే నా చెయ్యి పట్టుకోలేదు, ఈ యంత్రం పట్టుకోవడమేమిటని చిరాకేసింది. ఎఫ్ త్రీ మీట నొక్కితే అది ఆగిపోతుందని తెలిశాక, శ్రీలత పుట్టింటికి వెళ్లిన రోజే అది నొక్కి స్నాప్ ఆపేశాను.

వెళుతూ వెళుతూ ఆమె కుర్చీని ఒకసారి తట్టి వెళ్లింది. పొడుగు మనిషి కనుక కుర్చీ ఎత్తుగా ఉండేది, నా కాళ్లు నేలకు అందేవి కావు. పక్కనున్న మీట లాగితే కుర్చీ దిగుతుంది. కానీ అది ఆమె కుర్చీ. అందుకని కాళ్ల కింద ఒక చెక్క దిమ్మ వేసుకున్నాను.

నేను ఒంటరిగా గీసిన మొదటి డ్రాయింగు పత్తి విత్తే గొర్రుకు పెట్టే విత్తనపళ్లెం. గుండ్రటి ఉక్కు రేకు, అంచు చుట్టూ గింజ పట్టేంత గాట్లు. పళ్లెం తిరుగుతుంటే ఒక్కో గాటులో ఒక్కో గింజ కూర్చుని కింద గొట్టంలోకి జారుతుంది. గాటు పెద్దదైతే జంట గింజలు పడతాయి, చిన్నదైతే సాలులో ఖాళీలు మిగులుతాయి. అంతకుముందు ఆ గాట్లు ఆకురాయితో అరగదీసేవాళ్లం, ఏ రెండూ ఒకలా వచ్చేవి కావు. ఆ ఏడాది గుంటూరులో లేజర్‌తో కోసేచోటికి పంపాలని ప్రసాదరావు గారు నిర్ణయించారు. అక్కడికి కాగితం అక్కర్లేదు. కంప్యూటర్‌లోని గీతనే మెయిల్‌లో పంపితే, యంత్రం ఆ గీత వెంట నడిచి రేకును కోస్తుంది.

పంపాను. మర్నాడు మధ్యాహ్నం అక్కడి ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ ప్రొఫైల్ ఓపెన్‌గా ఉందండీ. మిషన్ తీసుకోవట్లేదు."

ఓపెన్ అంటే ఏమిటని అడిగాను. అంచు గీత ఎక్కడో కలవలేదని, మూసి పంపమని చెప్పాడు. ఎక్కడని అడిగితే, అది మీరే చూసుకోవాలండీ అని పెట్టేశాడు.

తెర మీద పళ్లెమంతా చూశాను. ఒక్క గాటు కూడా విడిపోయినట్టు లేదు. ప్రింటు తీసి అనసూయమ్మ గారికి ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుని చూసి, "అన్నీ అంటుకునే ఉన్నాయే పరమేశ్వరీ" అన్నారు. ఈలోగా ప్రసాదరావు గారు గుమ్మంలోకి వచ్చారు. షెడ్డు బయట గొర్రులన్నీ పళ్లేల కోసం ఆగి ఉన్నాయి, రైతులు అప్పటికే రెండుసార్లు వచ్చి పోయారు.

"మబ్బు పడతంది చూశావా? రేపు పొద్దునకల్లా గుంటూరోళ్లు కటింగ్ అయిందని చెప్పకపోతే ఆ కుర్రాడికి ఫోన్ చేస్తానమ్మా. నీ మీద కోపం కాదు. వాన నా మాట వినదు గదా."

ఆయన వెళ్లాక నా కళ్లు కుర్చీ మీదికి పోయాయి. మార్కింగ్ బల్లకు తిరిగి వెళ్లడం నాకు అంత పెద్ద కష్టం కాదు. కానీ ఆ పిల్ల బిడ్డనెత్తుకుని తిరిగి వచ్చేసరికి ఈ గదిలో ఇంకెవరో ఉంటారు. పొదిలికి ఫోన్ చేశాను.

ఏం తింటున్నావే అని ముందు అదే అడిగాను.

"పెట్టి పెట్టి చంపేస్తన్నారు పిన్నీ. సరేగానీ నీ గొంతేంటి అట్టా ఉంది?"

చెప్పాను. అంతా విని ఆమె అడిగింది.

"ఎఫ్ త్రీ గానీ ఆపేశావా?"

"ఆపా. పాడుది, నా చెయ్యి పట్టుకుని లాగుతోంది."

"ఓసి నా తల్లో! అది లాగేదే గీతలు కలపడానికి!" అని పకపకా నవ్వి, అంతలోనే "అబ్బా, నన్ను నవ్వించబాక, కడుపులో బిడ్డ తంతంది" అంది.

తరవాత పరీక్ష ఎలా చేయాలో చెప్పింది. హాచ్ అని ఒక ఆజ్ఞ ఉంది, మూసిన గీతల లోపలి జాగాను చారలతో నింపుతుంది. "మడికి నీళ్లు పెట్టినట్టనుకో పిన్నీ. గట్టుకు గండి ఉంటే నిలవదు." ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, తెర మీది పళ్లెం మధ్యలో నొక్కాను. నింపలేనని ఒక పెట్టె వచ్చింది. అంచు చుట్టూ ఎర్రటి సున్నాలు పడ్డాయి, ఒకటి కాదు, గాటు గాటుకీ. ఒక సున్నా మీద పెట్టి మౌసు చక్రం తిప్పుతూ పోయాను. గాటు తెరంత అయింది, తరవాత దాని మూల తెరంత అయింది. అప్పుడు కనబడింది. గాటు గీత వచ్చి, అంచు గీతకు వెంట్రుక మందం దూరంలో ఆగిపోయింది. దగ్గరగా వచ్చి, అంటకుండా, ఎంతో జాగ్రత్తగా.

నేను కుర్చీలోనే పెద్దగా నవ్వేశాను. అనసూయమ్మ గారు కంగారుగా వచ్చారు.

"అన్నీ 'ప'లే రాశానండీ అనసూయమ్మ గారూ! 'వ'లు రాయాల్సింది!"

ఆమె తెరకేసి చూసి, అర్థం చేసుకుని, నా నెత్తిన ఒకటి మొట్టారు. "అయితే ఈ పూటకి వరమేశ్వరివి కా."

శ్రీలత ఫోన్‌లోనే ఉండి చెప్పింది, నేను చేశాను. ఒక్కో సందూ మూసుకుంటూ కూర్చోవద్దంది. గాట్లన్నీ చెరిపేశాను. స్నాప్ పెట్టుకుని, పచ్చ చదరం వెలిగిన చోటే నొక్కుతూ ఒక్క గాటు మాత్రం గీశాను. దాన్ని పళ్లెం నడిబొడ్డును కేంద్రం చేసి చుట్టూ తిప్పి నకళ్లు వేయించాను. మిగిలిన ముక్కలు టీఆర్‌తో కోసి, అంచంతా ఒకే గీతగా కలిపాను. మళ్లీ హాచ్ కొడితే చారలు అంచు నుంచి అంచుకి నిండుగా నిలిచాయి. ఆ చారలు తీసేసి, షాపు మూసేలోగా గుంటూరుకు పంపాను.

ఈ సంఘటన వల్ల నాకు తెలిసింది రెండు విషయాలు. గీత కలిసిందో లేదో కంటితో చూసి చెప్పకూడదు, పరీక్షించి చెప్పాలి. రెండోది, ఒక పనిలో సరైన అలవాటు ఇంకో పనిలో తప్పు కావచ్చు, కనుక కొత్త పనిలో కూర్చున్నప్పుడు ఏది మూయాలో ఏది తెరిచి ఉంచాలో ముందుగా అడగాలి. తరవాత నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు గీత కన్నా ముందు హాచ్ నేర్పాను. శ్రీలత కూతుర్ని ఎత్తుకుని తిరిగి వచ్చింది, ఆమె కుర్చీ ఆమెకు దక్కింది. పని పెరిగి నాకు పక్కనే ఇంకో కుర్చీ వేశారు. డ్రాఫ్ట్స్‌మన్ హోదాలోనే పదవీ విరమణ చేశాను.

పళ్లెం గీత గుంటూరుకు మళ్లీ పంపిన మర్నాడు పొద్దున, షాపు తలుపులు తీసేసరికే నేను గుమ్మంలో ఉన్నాను. చెక్క దిమ్మ మీద కాళ్లు పెట్టుకుని కంప్యూటర్ వేశాను. స్నాప్ పనిచేస్తోందో లేదో ముందుగా ఒక గీత గీసి చూసుకున్నాను. కాసేపటికి గుంటూరు నుంచి ఫోన్ వచ్చింది. కటింగ్ అయిపోయిందండీ అన్నాడు. వెళ్లి ప్రసాదరావు గారికి చెబితే, "సరే, ఫిట్టర్లకు డ్రాయింగు ఇవ్వు" అన్నారు. ప్రింటు తీశాను. కుడి మూల గడిలో, గీసినవారు అన్నచోట, పెన్నుతో తెలుగులో నా పేరు రాశాను. ప తలకట్టును అంటించలేదు.