చిన్నాన్న మూడు షిఫ్టుల ఇంగ్లిష్

ఇంటర్ పాసైన ఆ రోజుల్లో నాకు రానిదంటూ లోకంలో ఒకటుంటుందని తోచేదే కాదు. హిందీ మాట్లాడే గోవింద్‌పూర్‌లో, మా కార్మికుల ఇళ్ళ లైను మొత్తానికి ఇంగ్లిష్ మీడియం పిల్లను నేనొక్కదాన్నే కావడంతో, మందుల చీటీ చదవాలన్నా, ఫారం నింపాలన్నా నేనే దిక్కు. (సగం మందుల పేర్లు ఊహించి చెప్పేదాన్ని. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ.) అలాంటి నా ముందుకు ఒకరోజు మా చిన్నాన్న వచ్చి కూర్చున్నాడు. ట్రక్కుల కర్మాగారంలో చాలా ఏళ్ళుగా కాంట్రాక్టు ఫిట్టరు. సూపర్‌వైజరు పోస్టుకి పిలుపొచ్చింది, ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో. "ఈపాలి పోతే మరి పిలవరే. నా ఎనక సేరినోళ్ళ కింద పన్సేయలేక సత్తన్నాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, రేపట్నుంచే పాఠాలు మొదలన్నాను.

మార్నింగ్ షిఫ్టు దిగి మూడింటికి టిఫిన్ డబ్బాతో నేరుగా మా ఇంటికే వచ్చేవాడు. డూ, డిడ్, విల్ డూ అని రెండు రోజులు బట్టీ పట్టించాను. ఆయన తెలుగులో అడిగేవాడు, నేను హిందీలో "అరే చాచా, సమ్‌ఝో నా", అర్థం చేసుకోవేం అని కసిరేదాన్ని, నేర్చుకునేదేమో ఇంగ్లిష్. "ఎవులు ఎవులికి సెప్తన్నారే?" అని మా అమ్మ వంటింట్లోంచి నవ్వేది. ఒక్క ముక్కా ఎక్కలేదు. మూడో రోజు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చి, పాత క్యాలెండరు వెనక మూడు గళ్ళు గీశాను. మార్నింగ్ షిఫ్టు అయిపోయింది, అది డిడ్. సెకండ్ షిఫ్టు నడుస్తోంది, అది డూ. నైట్ షిఫ్టు రావాలి, అది విల్ డూ. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంతేనేటే!" అన్నాడు. లైనంతా నా తెలివిని పొగిడింది, నేనూ వాళ్ళతో గొంతు కలిపాను.

ఆ తర్వాతి సోమవారం ఆయనకి నైట్ షిఫ్టు పడింది. డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చి, "ఇప్పుడు నైటు అయిపోనాది, మార్నింగు నడుత్తంది. నువ్వు నైటంటే విల్ అన్నావు కదేటి?" అని గట్టిగా నిలదీశాడు. తప్పు ఒప్పుకుంటే నా పరువేం కాను? "ముందు ఎవరిది ఏ షిఫ్టో కనుక్కోవాలి చిన్నాన్నా, ఆ తర్వాతే టెన్స్" అని కోసేశాను. ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటర్వ్యూ మర్నాడే.

మర్నాడు ఇంటర్వ్యూ నుంచి నేరుగా వచ్చి జరిగింది చెప్పాడు. "నిన్న ఏటి సేసినావని ఆ సాబు ఇంగ్లిష్‌లో అడిగినాడే. సర్, మీది ఏ షిఫ్టు అన్నాను. జనరల్ షిఫ్టన్నాడు, పగలు ఆఫీసోళ్ళది. జనరల్‌కి నువ్వు గడి గియ్యలేదు కదే!" ఇన్నేళ్ళ ఆశని నా గొప్పకి బలిచ్చేశాను అనుకున్నాను. కానీ ఆ సాబు ఇదేం ప్రశ్నని తరిచి అడిగి, గళ్ళ సంగతి విని పడీపడీ నవ్వి, కాగితం చేతికిచ్చి గీసి చూపించమన్నాడట. చిన్నాన్న గీసి, మేం బోల్టులు బిగించాం, వాళ్ళు సరిచూస్తున్నారు, తర్వాతోళ్ళు రంగేస్తారు అని మూడు ముక్కల ఇంగ్లిష్‌లో ఒక్క తప్పూ లేకుండా చెప్పాడట. షిఫ్టు మారేటప్పుడు అయిందేదో, మిగిలిందేదో తర్వాతివాడికి అప్పగించడం ఆయనకి రోజూ ఉన్న పనే. పోస్టు ఇచ్చేశారు. ఆ మూడు గళ్ళూ ఆయనకి నాకన్నా ముందే తెలుసని గ్రహించకుండా, స్వీట్ల డబ్బా పెద్దది నాకే రావాలని పేచీ పెట్టాను.

ఇప్పుడు నేను ఆ కర్మాగారం వాళ్ళ టెల్కో కాలనీలో పిల్లలకి ఇంగ్లిష్ చెబుతున్నాను. చిన్నాన్న కిందటేడు రిటైరయ్యాడు. మొన్న అలవాటుగా మూడింటికి వచ్చి, నేను దిద్దుతున్న పుస్తకాల వైపు చూస్తూ, "నాకిప్పుడు ఏ షిఫ్టూ లేదు. మరి నానేటే? డిడ్డా, డూనా, విల్లా?" అన్నాడు. ఆ ఇంటర్ పిల్లయితే ఠక్కున ఏదో ఒకటి కోసేసేది. నేను మాత్రం నవ్వి, పుస్తకాలు పక్కన పెట్టి, ఇద్దరికీ టీ పెట్టాను.