నిగ్రహం పాఠానికి తెచ్చిన మామిడిపళ్ళు

మా బడి గోడమీద ఒక చార్టు ఉంది. సత్యం, దయ, దానం, క్షమ, వినయం, ఇంద్రియ నిగ్రహం అని స్కెచ్ పెన్నుతో నేనే రాసి అంటించాను. అరకు కొండల్లో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు తెలుగు టీచరుగా వచ్చిన నాలుగో ఏడు అది. వారానికో గుణం చొప్పున శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో చెప్పేదాన్ని. ఒట్టి మాటలు పిల్లల చెవికెక్కవని నాకు గట్టి నమ్మకం. దయ పాఠానికి కుక్కపిల్లను తెస్తే అది హెచ్చెం గారి చెప్పు కొరికేసింది. దాంతో క్షమ పాఠం కూడా ఆ రోజే అయిపోయింది.

నిగ్రహం వంతు వచ్చేసరికి ఏప్రిల్ వచ్చింది. మాది విజయనగరం పక్క పల్లపు ఊరు. ఇంటికి వెళ్ళినదాన్ని మా తోటలో తొలికాపు పళ్ళు ఒక అట్టపెట్టె నిండా బస్సులో వేసుకొచ్చాను. ఒక్కో పిల్ల ముందు ఒక్కో పండు పెట్టి, పాఠం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నాను. గదంతా ఒకటే వాసన. పిల్లలు గుటకలు మింగుతుంటే నేను కావాలనే పాఠం సాగదీశాను. ఆఖరికి తినమన్నాను.

మూడో బెంచీ చివరి పిల్ల మాత్రం ముట్టలేదు. పైకొండ మీది ఊరు వాళ్ళది. ఆ ఊరి నుంచి ఎనిమిదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. చదువంటే ప్రాణం. ఎందుకు తినలేదని అడిగితే లేచి నిలబడి, తమ ఊళ్ళో ఇంకా మామిడి కొత్త కాలేదంది.

కొత్త అంటే నాకు తెలియక కాదు. ఇక్కడి కొండ ఊళ్ళలో తొలికాపు ముందు దేవతకు పెట్టి, ఊరంతా పండగ చేసుకున్నాకే నోట పెట్టుకుంటారు. అప్పటిదాకా చెట్లు విరగకాసినా పసిపిల్లలతో సహా ఎవరూ తినరు. తక్కిన పిల్లల ఊళ్ళలో ఆ పండగ అయిపోయింది. వీళ్ళ ఊరి పూజారి ఇంకా రోజు చూడలేదు.

గుమ్మంలో హెచ్చెం గారు ఫోటో కోసం ఫోను పట్టుకుని నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండింది. అవన్నీ మీ ఊళ్ళో పెట్టుకో, ఇది బడి అన్నాను. ఆ పిల్ల తల వంచుకుంది. చార్టులో వినయం అన్న మాట మీద బెత్తం ఆనించి, పోయిన వారం ఏం చెప్పుకున్నామని అడిగాను. గురువు మాట కాదనకపోవడం అని చెప్పి, కూర్చుని, పండు తిన్నది. టెంక దాకా తిన్నది. ఫోటో బాగా వచ్చింది. టీచర్ల వాట్సాప్ గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ మురిసిపోయాను, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఆ గదిలో నిగ్రహం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒక్కతే ఉందని, ఆ ఒక్కదాని చేతే దాన్ని తప్పించానని అప్పుడు తట్టలేదు.

సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు. జూన్ అంతా ఎదురుచూశాను. కబురు పంపినా జవాబు లేదు. ఒక ఆదివారం జీపు వెళ్ళినంత మేర వెళ్ళి, మిగతా కొండ నడిచి ఎక్కాను. వాళ్ళమ్మ చోడి చేలో కలుపు తీస్తోంది. నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, సొరబుర్రలోంచి అంబలి పోసిచ్చింది.

పండగనాడు దేవత ముందు అందరూ కూర్చున్నప్పుడు పిల్ల తనంతట తానే లేచి, బళ్ళో మామిడిపండు తినేశానని చెప్పిందట. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నిజం దాచకూడదని మేడం చెప్పారందట. ఎవరు తినమన్నారని పెద్దలు అడిగితే మాత్రం నోరు విప్పలేదట.

తినమన్నది నేనే అని చెప్పాను. ఆమె చేతిలోని కలుపు మొక్కల మట్టి దులిపి గట్టు మీద పడేసింది.

"ఊరోళ్ళు ఏటీ అన్లేదు మేడం. కోడిని కోసి తప్పు తీసేసినారు, అయిపోనాది. మా గుంటే బడికి రానంటంది."

ఇంతలో ఆ పిల్లే నీళ్ళబిందెతో వచ్చింది. నన్ను చూసి బిందె దించి, బళ్ళోలాగే చేతులు కట్టుకుని నిలబడింది. తప్పు నాదేనని, ఇంకెప్పుడూ అలా చెయ్యనని, చదువు పాడుచేసుకోవద్దని బతిమాలాను. అంతా విన్నది.

"మీరు మళ్ళీ తినమంటే నాను కాదనలేను మేడం. అందుకే రాను."

ఆ పిల్ల ఆ ఏడూ రాలేదు, ఆ తరవాతా రాలేదు.

చార్టు ఇంకా గోడమీదే ఉంది. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఇప్పుడు వ్యాకరణం చెబుతున్నాను. మూడో బెంచీ చివర వేరే పిల్ల కూర్చుంటోంది. నేను ఏం చెప్పినా వెంటనే "సరే మేడం" అంటుంది. ఒకప్పుడు ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఇప్పుడు వింటే భయం వేస్తోంది.