వెనకబడ్డ మాట

డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఇల్లందు బస్టాండు దగ్గర మా అన్న పెట్టిన ఇంటర్నెట్ షాపులో కూర్చున్నాను. పేరుకే ఇంటర్నెట్. మాకు తిండి పెట్టింది మాత్రం చచ్చిపోయినవాళ్లే. నా నోరే అంత, ఉన్నమాట అనేస్తుంది. కర్మ రోజున వచ్చిన చుట్టాలకు పోయిన మనిషి ఫొటోలు టీవీలో చూపించే ముచ్చట మా వైపు అప్పుడప్పుడే మొదలైంది. జనం ఆల్బంలోంచి ఫొటోలు పీకి తెచ్చేవారు. నేను వాటిని స్కాన్ చేసి, ప్రెజెంటేషన్‌లో పేర్చి, దాన్ని వీడియోగా మార్చి, ఇంట్లో ప్లేయర్‌లో ఆడేలా సీడీకి ఎక్కించేదాన్ని.

ఆ మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఒక పాడు అలవాటు ఉండేది. మనం చెప్పకపోయినా ప్రతి ఫొటోనూ మెల్లమెల్లగా దగ్గరికి తెచ్చేది. ఒకింట్లో ఒక ముసలామె, పోయిన పెనిమిటి మొహం టీవీ నిండా పెద్దదవుతుంటే, "వస్తుండు, మీదికొస్తుండు!" అని చాప మీంచి లేచి వాకిట్లోకి ఉరికింది. అప్పటినుంచి ఆ జరుపుడు ఆపేసి చేసేదాన్ని. అయినా షాపులో ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఆపేసిన ఫొటో కూడా ఓ రవ్వ ముందుకు జరిగినట్టు ఉండేది. నా కళ్లను నేనే తిట్టుకుని టీ తెప్పించుకునేదాన్ని.

ఒక చలికాలం పొద్దున బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన తన బామ్మర్ది ఫొటోలు పట్టుకొచ్చాడు. ఆ పిల్లగాడు భద్రాచలం అవతల గోదావరి మీద టూరిస్టులను తిప్పే లాంచీలో పనిచేసేవాడట. వానాకాలం మొదట్లో వరదకు ఎర్రనీళ్లు వచ్చిన రోజున, లాంచీ దిగి ఒడ్డుకు పోతున్న వాడి నాటుపడవ బోల్తా పడింది. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

"దర్భలతోటి బొమ్మ చేసి దహనం చేద్దమని అయ్యగారు అన్నడు. మా ఇంటామెనే ఒప్పుకుంటలేదు. నువ్వైతే సీడీ చేసి పెట్టు చెల్లే," అన్నాడు.

"ఆమె ఒప్పుకోకముందే సీడీ ఏందన్నా? ఆలు లేదు చూలు లేదు..." అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన తల దించుకుని ఫొటోల కవరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భార్య వచ్చింది. అంగన్‌వాడీలో టీచరు. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చి నా పక్కన నిలబడింది.

"చెల్లే, మా తమ్ముడు నెట్‌ల ఉన్నడంట. తీసియ్యి."

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. తర్వాత విషయం చెప్పింది. వాడు పోయిన రోజు పొద్దున్నే లాంచీలో ఎవరో టూరిస్టామె వీడియో తీసి నెట్‌లో పెట్టిందట. హైదరాబాదులో ఉండే ఆడబిడ్డ కొడుకు అది చూసి ఫోన్ చేశాడట. అందులో తమ్ముడు పడవలోకి దిగుతూ ఏదో మాట అంటాడట.

ఆ మాటే కావాలి ఆమెకు. గడప దాటేవాడు 'పోతున్న' అనకూడదు, 'పోయొస్త' అనాలి. ఇది మన ఇళ్లలో పాలతోపాటు పోసే మాటే. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది ఆమే కాబట్టి ఆ మాట నేర్పిందీ ఆమే. వాడు మాత్రం అక్కను ఏడిపించడానికి గేటు దగ్గర నిలబడి "పోతున్న అక్కా!" అని అరిచేవాడు. ఈమె చీపురు ఎత్తుకుని వెంటపడేది. వాడు మూలమలుపు దాకా పరుగెత్తి, మళ్లీ వెనక్కొచ్చి, గేటులోంచి తల పెట్టి, "పోయొస్తలే అక్కా," అనేవాడు. "పోయి రా," అని ఈమె అన్నాకే కదిలేవాడు.

"చివరిసారి పోయిననాడు మిక్సీ మోతల నాకేం వినబడలే చెల్లే. నేను పోయి రా అనలే. ఈ వీడియోల పోయొస్త అన్నడంటే వాడు యాడనో బతికే ఉన్నడు. బొమ్మను కాలవెట్టనియ్య. అట్ల గాక పోతున్న అంటే..."

మిగతాది మింగేసింది. మాటకేం తెలుసు అక్కా, గోదారికేం తెలుసు అని అందామనుకున్నాను. ఆమె మొహం చూసి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

వీడియో దొరికింది. లాంచీ డెక్కు, నీళ్లు, అవతల కొండలు. అంచు దాటి కింద పడవలోకి దిగుతున్న ఒక కుర్రాడు. వాడు తల తిప్పి మావైపు చూశాడు, నోరు తెరిచాడు. అంతే, వీడియో ఆగిపోయి తెర మీద చక్రం తిరగడం మొదలైంది. మా షాపు నెట్ సంగతి తెలిసిందే, గోడకు చెప్పుకున్నా ఒకటే. మళ్లీ మొదటినుంచి పెట్టాను. మళ్లీ అక్కడే. ఎన్నిసార్లు పెట్టినా వాడు నోరు తెరిచేవాడు, మాట వచ్చేది కాదు.

లాభం లేదని వీడియోను దించుకునే టూల్ పెట్టాను. అది నత్తలా నడిచింది. ఆ మధ్యాహ్నమంతా వాడు తెర మీద నోరు తెరుచుకుని మమ్మల్నే చూస్తూ ఉన్నాడు. చూడలేక తెర మీది ఆ వీడియో కిటికీని కిందికి దించబోయాను.

"ఉండనియ్ చెల్లే," అని నా చెయ్యి పట్టుకుంది. "ఒక్కడే అయితడు."

ఫైలు పూర్తిగా దిగింది కానీ మా కంప్యూటర్లో తెరుచుకోలేదు. ఆ రోజుల్లో నెట్ నుంచి దించినవి చాలావాటికి అదే రోగం. ఎట్లాగూ ఇంట్లో ప్లేయర్‌లో ఆడాలి కదా అని సీడీకి సరిపడే రకంలోకి మార్చాను. మార్చడం అయ్యాక స్పీకర్ల మోత పెంచి ఆడించాను.

డెక్కు, నీళ్లు, కొండలు. వాడు దిగాడు, తల తిప్పాడు, పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. పడవ మెల్లగా తెరలోంచి పక్కకు వెళ్లిపోయింది. ఉత్త నీళ్లు మిగిలాయి. ఎవరూ లేని ఆ నీళ్ల మీద గొంతు వినిపించింది.

"పోతున్న అక్కా!"

అమ్మో, మౌస్ వదిలేశాను. రకం మార్చేటప్పుడు ఒక్కోసారి బొమ్మ ముందు పోయి శబ్దం వెనకబడుతుంది, అది నాకు తెలుసు. పైకి చెప్పాను కూడా. వీడియో తీసేది ఆడమనిషి కాబట్టి ఆ 'అక్కా' అన్నది ఆ టూరిస్టామెనే అయ్యుంటుందని కూడా నాకు తెలుసు. అది మాత్రం చెప్పలేదు. ఉన్నమాట తెలిసీ దాచడం నాకు అదే మొదలు.

ఆమె ఏడవలేదు. నవ్వింది. "చూసినవా, ఎక్కిరిస్తుండు. ఆగు, ఇప్పుడు ఎనుకకొచ్చి ఇంకో మాట అంటడు."

తెర నల్లబడింది. "అయిపోయిందక్కా," అన్నాను.

"ఆగంటున్న గదా. మోత వస్తనే ఉంది."

నిజమే. బొమ్మ అయిపోయింది, వెనకబడ్డ శబ్దం ఇంకా మిగిలే ఉంది. నల్లటి తెరలోంచి నీళ్లు చెక్కకు కొట్టుకునే చప్పుడు, ఎక్కడో గిన్నె మూత పడ్డ చప్పుడు వచ్చాయి. ఇద్దరం స్పీకర్ల దగ్గరికి వంగాం. అదీ ఆగిపోయింది.

"రాలే," అంది. కొంగు నడుముకు చెక్కుకుని లేచింది. "దర్భల బొమ్మ చెయ్యమని మా ఆయనకు చెప్త. ఫొటోలెనక ఇది గూడ పెట్టు."

"మూతికి మాట కలిపి పెడత అక్కా. వెనకబడింది."

"వద్దు. మనిషి పోయినంక గూడ మాట వచ్చింది గదా. గట్లనే ఉండనియ్."

కర్మ రోజున నన్నూ పిలిచారు. సీడీ ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో వెళ్లాను, అంతకంటే భక్తేం లేదు. హాల్లో చాపలు పరిచి టీవీ పెట్టారు. ఫొటోలు ఒకదాని వెనక ఒకటి పోయాయి, ఏదీ దగ్గరికి రాలేదు. ఆఖర్న లాంచీ వచ్చింది. పెదాలు కదలడం, పడవ వెళ్లిపోవడం, ఉత్త నీళ్ల మీద ఆ గొంతు. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

తెర నల్లబడగానే వాళ్లాయన టీవీ కట్టేయబోయాడు. "ఆగు," అందామె. ఆ ఒక్క మాటకు ఏడుపులన్నీ ఆగిపోయాయి. నీళ్ల చప్పుడు, గిన్నె మూత. షాపులో ఎన్నోసార్లు విని నాకు కంఠతా వచ్చిన చప్పుళ్లే. ఆ తర్వాత ఏమీ లేదు, నాకు తెలుసు. ప్లేయర్ మీద అంకెలు కూడా ఆగిపోయాయి.

ఆమె మాత్రం గేటువైపు చెవి పెట్టినట్టు టీవీవైపు తల వంచి కూర్చుంది. అలా కూర్చునే ఉంది. ఉన్నట్టుండి ఆమె మొహం తేటపడింది.

"సరే తమ్మీ," అంది, అందరికీ వినబడేలా. "పోయి రా."

ఆయన నావైపు చూశాడు. నేను ఆగిపోయిన అంకెలవైపు చూశాను.

భోజనాల దగ్గర ఆమె కూర వడ్డిస్తూ నా విస్తరి ముందు వంగి, మెల్లగా అడిగింది. "విన్నవా చెల్లే?"

అవ్ అంటే ఏం పోయేది? నా నోటికి అబద్ధం రాదు. "లేదక్కా. నాకేం వినబడలే," అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. ఇంకో గరిటె కూర వేసింది.

"నిన్ను పిలిస్తె గద," అంది, "నీకు వినబడేది."