అంజి నిలబడే చోటు

షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపు ఫుట్‌బాల్ జట్టుకు హన్మంతు గోల్‌కీపర్. వారమంతా సెంట్రింగ్ చెక్కలు మోసి బొబ్బలెక్కిన చేతులకు గుడ్డ చుట్టుకుని, శుక్రవారం సెలవునాడు గోల్ ముందు నిలబడి అరుస్తూనే ఉంటాడు. ఆ అరుపుల్లో సగం అంజికే. కుడివైపు కాయాల్సిన అంజి ఊపులో బంతి వెంట ముందుకు పోయేవాడు. మొన్న ఎండల్లో సైటులోనే కుప్పకూలి, శవపెట్టెలో ఊరికి పోయాడు.

అతను లేకుండానే జట్టు ఫైనల్‌కొచ్చింది. ఆట చివర్లో ఎదుటివాళ్లు కుడివైపు నుంచి దూసుకొచ్చారు.

"అంజీ, ఎన్కకు రారా!" అని హన్మంతు గొంతు చించుకున్నాడు.

జట్టంతా ఆగి అటు చూసింది. బంతి వలలో పడింది.

తలెత్తలేని హన్మంతు పక్కన కెప్టెన్ లింబాద్రి వచ్చి కూలబడ్డాడు.

"నేను సుత అటే సూసిన అన్నా. అస్తడేమో అనుకున్న."