పెట్టె ముందు పెద్దిరాజు

దశరథరామయ్యగారింటి పెళ్ళిలో పెద్దిరాజు తాగి పడిపోయాడనీ, అందుకే మైకులో పాట ఆగి గీకుడు వినిపించిందనీ నూజివీడంతా చెప్పుకున్నారు. శుద్ధ అబద్ధం. అతను చుక్క ముట్టి ఎరగడు. పగలంతా తోటల్లో మామిడికాయలు కోసేవాడు. గ్రామఫోను రికార్డు ముట్టుకునే ముందు మాత్రం సొన అంటిన వేళ్ళను కిరసనాయిలుతో తోముకునేవాడు. ముల్లు దించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. రెండేళ్ళు ఊరికే చెట్లెక్కి హారన్లు కట్టిపెడితే, మైకు సెట్టు యజమాని ఆ పెళ్ళికి మొదటిసారి గ్రామఫోను పెట్టె ముందు కూర్చోబెట్టాడు. రెండో పాట సగంలో ఉండగా దశరథరామయ్యగారు పందిట్లోంచి కేకేశారు: "ఒరే పెద్దిరాజూ, వియ్యాలవారికి చెట్టున పండిన చిన్నరసాలు కావాలంట. ఎక్కి నాలుగు కోసుకురా!" అతను కొమ్మ మీద ఉండగానే పాట అయిపోయింది. ముల్లు గీకుతున్న చప్పుడు ఊరంతా వినబడింది. యజమాని మళ్ళీ అతన్ని హారన్లు కట్టడానికే పిలిచాడు గాని పెట్టె దగ్గరికి రానివ్వలేదు.

కడుపులో ప్రశ్న దాచుకోలేని బుజ్జమ్మగారు ఒకనాడు వీధిలో నిలేసి అడిగేశారు: "ఆ రోజు పెళ్ళిలో, 'ఇవాళ నేను మైకువాణ్ణండీ' అని ఒక్క మాట అనలేకపోయావంట్రా?"

పెద్దిరాజు తన వేళ్ళకేసి చూసుకున్నాడు.

"అందామనే అనుకున్నానండీ. నోరు తెరిచేలోపే కాళ్ళు చెట్టెక్కేశాయండీ."